సముద్రం లేని కోరమండల్: ఒక గని ఊరి నేల, జనం

పటంలో కోరమండల్ అనే పేరు వెదికితే ముందుగా కనబడేది బంగాళాఖాతం ఒడ్డు. చోళమండలం అన్న మాట విదేశీ నావికుల నోళ్లలో నలిగి కోరమండల్ అయిందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మనం ఇప్పుడు చెప్పుకోబోయే కోరమండల్‌కు మాత్రం సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఇది కర్ణాటకలో, కోలారు జిల్లాలో, కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఉత్తరం వైపున ఉన్న ఒక చిన్న చోటు. ఊరు అని రాయడానికి కూడా కొంత ఆలోచించవలసి వస్తుంది. దానికంటూ వేరే పురపాలక సంఘం లేదు. ఒక రైల్వే స్టేషను, ఒక పోస్టాఫీసు, పాత కంపెనీ ఇళ్ల వరసలు, గుడులు, చర్చిలు, అంగళ్లు ఉన్నాయి.

ఇంత చిన్న చోటు మీద వ్యాసమెందుకని పాఠకులు అడగవచ్చు. తెలుగు రాష్ట్రాలకు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు తరచు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: ఫలానా చోట తెలుగువారు ఎంతమంది? ఈ ప్రశ్నకు అంకె చెప్పడం తేలిక. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడం కష్టం. ఆ కష్టం ఎక్కడుందో చూపడానికి కోరమండల్ వంటి చిన్న చోటే మేలని మాకు తోచింది.

ముందు నేల సంగతి. బెంగుళూరు నుంచి మద్రాసు వెళ్లే రైలుమార్గంలో బంగారపేట జంక్షను ఉంది. దీని పాత పేరు బౌరింగ్‌పేట. 1860లలో మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగ్ దొర పేరు అది. అక్కడినుంచి దక్షిణానికి మారికుప్పం దాకా పదహారు కిలోమీటర్ల శాఖామార్గం చీలుతుంది. గనుల కోసమే 1894లో దీన్ని వేశారు. ఈ దారిలో ఉరిగాం కంటె ముందు కోరమండల్ స్టేషను వస్తుంది. రైలు పెట్టెలోంచి చూస్తే ఒక పక్క తక్కువ ఎత్తు కొండల వరస, మరో పక్క బూడిద రంగు దిబ్బలు కనబడతాయి. కొండల వరసను దేవుడు పెట్టాడు. దిబ్బలను మనుషులు పోశారు. రాతిని పొడి చేసి, సైనైడు ద్రావణంతో బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది. వేసవి గాలికి ఆ పొడి లేచి ఇళ్లలో, వంట గిన్నెలలో పడటం ఇక్కడివారికి తరతరాలుగా తెలిసిన బాధ.

సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు కాబట్టి ఎండ చిత్తూరు, వేలూరులంత తీవ్రంగా ఉండదు. వాన కూడా తక్కువే. జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు ఈ జిల్లా మీదుగానే ఆంధ్రలోకి, తరువాత తమిళనాడులోకి వెళ్తుంది గానీ, దానిలో నీళ్లకంటె ఇసుకే ఎక్కువ. గనులకూ గని ఊళ్లకూ నీరు బేతమంగలలో పాలారు మీద కట్టిన చెరువు నుంచి వచ్చేది. చుట్టుపక్కల పల్లెలు చెరువుల మీద, చెరువులు ఎండాక బోరుబావుల మీద బతికాయి. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. దాని మంచిచెడ్డల మీద వాదాలు ఇంకా తెగలేదు.

నేల కింది సంగతి మరొకటి ఉంది. బంగారం దొరికిన రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు ఎనభై కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లు. ఆ పట్టీ కర్ణాటక సరిహద్దు దగ్గర ఆగదు. దక్షిణపు కొస చిత్తూరు జిల్లాలోకి, కుప్పం వైపు సాగుతుంది. చిగరుగుంట, బిసానత్తం గనులు ఆ కొసన తవ్వినవే. రాతికి రాష్ట్రం లేదన్నది ఎవరికైనా అర్థమవుతుంది. మాటకు కూడా అక్కడ రాష్ట్రం లేదన్న సంగతి మాత్రం మనం తరచు మరచిపోతాం.

ఇక పేరు. ఈ ప్రాంతంలో పాత పల్లెల పేర్లు ఆ పల్లెలవే. ఉరిగాం, మారికుప్పం ఆ కోవలోవి. కుప్పం అన్న తోక తమిళానికీ చిత్తూరు తెలుగుకూ ఉమ్మడి సొత్తు. కొండల వరసలో బాగా కనబడే శిఖరాన్ని పాత గెజెటీర్లు బేటరాయన కొండ అని రాశాయి. బేట అన్నది మన వేటకు కన్నడ రూపం, కొండ తెలుగు మాట. ఒక్క శిఖరం పేరులోనే రెండు భాషలు కలిసి కూర్చున్నాయి. గనుల పేర్లు అలా రాలేదు. లండన్‌లో వాటాలు అమ్ముకునే కంపెనీలకు కొనేవారి చెవిలో మోగే పేర్లు కావాలి. అరవై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న నందిదుర్గం పేరు ఒక గనికి పెట్టారు. కనుమల మీది దేశమన్న అర్థంలో బాలాఘాట్ ఇంకొకటి. మైసూరు మరొకటి. అదే పద్ధతిలో ఒడ్డు పేరు పీఠభూమికి వచ్చి కోరమండల్ అయింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. న్యూజిలాండులో కూడా కోరమండల్ అనే చోటు ఉంది. 1820లో అక్కడికి వచ్చిన ఒక బ్రిటిష్ ఓడ పేరు మీద ఆ పేరు పడింది. అక్కడా బంగారం దొరికింది. కోలారులో ఆధునిక పద్ధతిలో బంగారం వెదకడానికి 1870లలో మైసూరు ప్రభుత్వం నుంచి మొదట అనుమతి పొందిన లావెల్ అనే ఐరిష్ సైనికుడు అంతకుముందు న్యూజిలాండు యుద్ధాలలో పనిచేసినవాడు. ఈ రెండింటినీ ముడివేసి కథ అల్లాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆధారం లేనిదే అల్లకూడదు గనక ఇంతటితో వదిలేస్తున్నాం.

1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి గనుల నిర్వహణ వచ్చాక ఊళ్లు పెరిగిన వేగం చూడండి. గెజెటీరు లెక్క ప్రకారం కోలారు బంగారు గనుల జనాభా 1891లో 7,085. 1901లో 38,204. పదేళ్లలో అయిదు రెట్లకు మించి! 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధుల కంటె ముందే గనులలో దీపాలు వెలిగాయి. అయితే ఆ వెలుగు అందరి ఇళ్లకూ ఒకటే కాదు. దొరల బంగళాలు ఎత్తు మీద, తోటల మధ్య. కూలీల ఇళ్లు వరసలుగా, పల్లంలో. మొదట్లో అవి వెదురు తడికల గుడిసెలు. ఆ వరసలను అందరూ లైన్లనే అన్నారు. మీది ఏ ఊరు అని అడిగితే ఇక్కడి పాతవారు ఊరు పేరు చెప్పరు, లైను పేరు చెబుతారు. కోరమండల్ జనాభా భూగోళం మొత్తం ఆ లైన్లలోనే ఉంది.

ఈ లైన్లలోకి ఎవరు వచ్చారు? సాధారణంగా చెప్పే జవాబు, తమిళులు అని. అది తప్పు కాదు. గని కూలీలలో అత్యధికులు ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి వచ్చిన దళితులు. కోలారు గనులను తమిళులు తంగవయల్ అంటారు, అంటే బంగారు పొలం. 1954లో డాక్టర్ అంబేద్కర్ ఇక్కడికి వచ్చారు. తమిళనాడు పార్టీ అయిన అన్నా డి.ఎం.కె. అభ్యర్థి కర్ణాటక శాసనసభకు ఇక్కడినుంచి గెలిచిన సందర్భాలున్నాయి. ఇవన్నీ చూసినవారికి ఇక్కడ తెలుగు ప్రసక్తి ఎక్కడిదనిపించడం సహజం.

విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసిన చోటు ఇదే. పాత లెక్కలలో 'ఉత్తర ఆర్కాటు జిల్లాలో పుట్టినవారు' అన్న వరస ఒకటుంటుంది. మన పరిశోధక విద్యార్థులలో కొందరు ఈ వరసను చూసి, అంతమందీ తమిళులే అని రాసేస్తారు. కాని 1911 దాకా చిత్తూరు జిల్లా అన్నదే లేదు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటులో కొంత, కడపలో కొంత విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. అంతకుముందు ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం చిత్తూరే. పలమనేరు, పుంగనూరు ఆ జిల్లాలోనివే. అంటే 1901లో 'ఉత్తర ఆర్కాటులో పుట్టాను' అన్న కూలీ వేలూరు దగ్గరి తమిళుడు కావచ్చు, పలమనేరు దగ్గరి మాల కుటుంబపు తెలుగువాడూ కావచ్చు. గనులకు పలమనేరు వేలూరుకంటె దగ్గర. పుట్టిన చోటు పట్టికను ఇంటి భాష పట్టిక పక్కన పెట్టుకుని చదవకపోతే, ఒక జిల్లా పేరు కింద మన జనం కనబడకుండా పోతారు.

గని లైన్లలోకి వచ్చిన తెలుగు ఒకటి. లైన్లకు ఆవల పల్లెలలో ముందునుంచీ ఉన్న తెలుగు మరొకటి. వీటిని కలిపివేయకూడదు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి తాలూకాల పల్లెలలో తెలుగు వలస వచ్చిన భాష కాదు. కైవారం నారాయణప్ప యోగి కన్నడంలోనూ తెలుగులోనూ కీర్తనలు చెప్పాడంటే వినేవారికి రెండూ ఇంటి మాటలే గనక. కన్నడ సాహిత్యంలో శిఖరం వంటి డి.వి. గుండప్పగారు పుట్టింది ముళబాగిలులోనే. ఈ జిల్లాను ఆంధ్రలో కలపాలన్న వాదన 1955 నాటి రాష్ట్రాల పునర్విభజన సంఘం ముందుకు కూడా వచ్చింది. అయినా జిల్లా మైసూరులోనే ఉంది. అది సరైనదా కాదా అన్న చర్చకు ఇప్పుడు ప్రయోజనం లేదని మా అభిప్రాయం. రెండు భాషలు ఒకే ఇంట్లో ఉన్నచోట గీత ఎక్కడ గీసినా ఇంటి మధ్యనుంచే పోతుంది.

కోరమండల్‌కు మళ్లీ వద్దాం. జనాభా లెక్కలలో ఈ పేరుతో వేరే పట్టణం కనబడదు. గని ప్రాంతమంతా రాబర్ట్‌సన్‌పేట పట్టణం కిందికి చేరిపోతుంది. రాబర్ట్‌సన్‌పేట కూడా ఒక బ్రిటిష్ రెసిడెంటు పేరే. 2011లో ఈ పట్టణ ప్రాంతం జనాభా లక్షా అరవై వేలు దాటింది. కోలారు జిల్లా మొత్తం 15,36,401. ఈ లక్షా అరవై వేలలో కోరమండల్ వాటా ఎంత, అందులో తెలుగిళ్లు ఎన్ని అన్నది అచ్చయిన పట్టికల నుంచి తేలదు. భాషల పట్టికలు జిల్లా స్థాయిలో, పెద్ద పట్టణాల స్థాయిలో దొరుకుతాయి. లైను స్థాయిలో దొరకవు. 2021లో జరగవలసిన గణన జరగలేదు కాబట్టి 2011 అంకెలతోనే చాలాకాలం నెట్టుకురావలసి వచ్చింది.

అంకెల మీద ఇంత పట్టింపు ఎందుకంటే, వాటి వెనక హక్కులున్నాయి. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ప్రకారం ఒక తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలభైమంది అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే వారికి ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పాలి. ఒక తాలూకాలోగాని పురపాలక ప్రాంతంలోగాని ఒక భాషవారు నూటికి పదిహేనుమంది ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలో కూడా వేయాలి. రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్పేదీ మాతృభాషలో ప్రాథమిక విద్య గురించే. నలభైమంది ఉన్నారని ఎవరో ఒకరు లెక్కపెట్టి చూపాలి. లెక్కలో లేని పిల్లవాడికి వాచకం రాదు.

లెక్కలో లేకపోవడం ఎలా జరుగుతుందో చూద్దామని మేము కొన్ని లైన్లు తిరిగాం. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "ఎవురు కావాలప్పా?" అన్నాడు. తెలుగులో జవాబు చెప్పేసరికి ముఖం విప్పారింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన తండ్రి పలమనేరు వైపునుంచి గనికి వచ్చాడు. ఆయనా గనిలోనే పనిచేశాడు. భార్యతో మాట్లాడేది తెలుగు. పక్కింటితో తమిళం. అంగడిలో కన్నడం. మనవరాలు మాతో ఇంగ్లీషులో మొదలుపెట్టి, తాత కోప్పడితే తెలుగులోకి వచ్చింది. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మాతృభాష ఏమని రాయించారు అని అడిగాం. "నేనింట్లో లేను సామీ. మా పక్కింటాయన చెప్పినాడంట, వీళ్లు మావాళ్లేనని. తమిళమనే రాసుకోని పోయుంటారు" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. పక్కింటాయన స్నేహంతోనే చెప్పి ఉంటాడు.

తరువాత ఆయన పెట్టెలోంచి ఒక పాత ఉత్తరం తీసి మా చేతికిచ్చాడు. ఊళ్లోని అన్న నుంచి తన తండ్రికి వచ్చినదట. "ఇంట్లో మాట్లాడేదంతా తెలుగేనప్పా. చదివేకి ఎవురికీ రాదు" అన్నాడు. చదివి వినిపించాం. చెరువు కింద ఉమ్మడి మడిచెక్క ఒకటి ఉందనీ, ఈసారి వాన లేదనీ, తమ్ముడు వచ్చి వేలిముద్ర వేస్తే గాని దాన్ని కుదువ పెట్టడానికి లేదనీ రాసి ఉంది. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ మడి సంగతి నాకెవురూ చెప్పలేదే" అన్నాడు. తండ్రికి కూడా చదువు రాదు. ఆ రోజుల్లో లైనులో చదివిపెట్టేవారు ఎవరైనా ఉన్నారో లేదో ఆయనకు గుర్తులేదు.

ఆయన మాటలో ఉన్న "చదివేకి" అన్న రూపాన్ని భాషాశాస్త్ర విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. చదవడానికి అని పుస్తకం చెప్పేచోట చదివేకి, పొయ్యేకి, చేసేకి అనడం కోలారులోనూ శ్రీ సత్యసాయి జిల్లా హిందూపురం వైపునా వినబడుతుంది. కన్నడంలో వాడుకలో ఉన్న ఓదోకె, హోగోకె, మాడోకె పక్కన పెట్టి చూడండి. దీన్ని తప్పు తెలుగు అని కొట్టిపారేసేవారు మన పండితులలోనే ఉన్నారు. అలా కొట్టిపారేసినందువల్లనే ఇక్కడి పిల్లలు తమ తెలుగును బయటివారి ముందు మాట్లాడటానికి సిగ్గుపడుతున్నారని మా అనుమానం.

జనం కదలిక ఆగలేదు. దిశ మాత్రం మారింది. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. మూడు కిలోమీటర్లకు మించిన లోతు నుంచి పేదరాతిని పైకి తేవడం గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం 800 టన్నులకు పైమాటే. ఆ లోతులోనే 1965లో టాటా పరిశోధన సంస్థవారి బృందం న్యూట్రినోల జాడ పట్టింది. 2018లో వచ్చిన సినిమా వల్ల ఈ చోటు పేరు దేశమంతా మోగింది గాని, ఆ కథకూ ఇక్కడి మనుషుల బతుక్కూ పోలిక తక్కువ.

మూత పడ్డాక ఊరు ఖాళీ అవుతుందని చాలామంది అనుకున్నారు. అలా కాలేదు. పని పోయినవారు కంపెనీ ఇళ్లలోనే ఉండిపోయారు. ఒక తరం కింద చిత్తూరు వైపునుంచి వచ్చినవారి పిల్లలు ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు వెళ్లి, చీకటి పడ్డాక దిగుతున్నారు. 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారం కొందరికి అన్నం పెట్టింది గాని గనులన్ని చేతులకు పని చూపడం దానివల్ల కాదు. రాత్రి కోరమండల్‌లో ఉండి పగలు బెంగుళూరులో ఉండేవారిని ఏ ఊరి జనాభాగా లెక్కించాలి? జనాభా లెక్కలకు రాత్రి పడుకున్న చోటే ప్రమాణం. భాషకు ఏది ప్రమాణమో మేము తేల్చుకోలేకపోయాం. రైలు పెట్టెలో నాలుగు గంటలు తమిళ, కన్నడాలు మాట్లాడి, ఇంట్లో అర్ధగంట తెలుగు మాట్లాడే కుర్రవాడి మాతృభాష గడిలో ఏం రాయాలో అతనే చెప్పాలి. అడిగేవారు అతన్నే అడగాలి.

కోలారు, బంగారపేట, ముళబాగిలు, కుప్పం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థులకు ఒక విన్నపం. మీ లైను పేరు, లేదా పల్లె పేరు, ఇంట్లో ఎన్ని భాషలు వినబడతాయి, తాతల ఊరు ఏది, ఇంట్లో తెలుగు చదవగలిగినవారు ఎందరు అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. తెలుగు అక్షరాలు రానివారు కన్నడంలోగాని తమిళంలోగాని రాసినా సరే, చదువుకుంటాం.